మందారానికి వాసన: కవాయి దీవిలోని లిమాహులి తోట

హవాయిలోని కవాయి దీవిలో కాపురం కాబట్టి ఇండియా నుంచి ఎవరొచ్చినా దీవి చూపించే పని మాదే. అలా లిమాహులి తోటకి అన్ని కాలాల్లోనూ వెళ్లాను. టికెట్ ధరలు, వేళలు నెట్‌లో దొరుకుతాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది అక్కడి తెల్ల మందారం గురించి. దానికి వాసన ఉంది.

ఈ మాట అంటే మనవాళ్లు నమ్మరు. హవాయిలో రోడ్ల పక్కన కంచెగా పెంచే ఎర్ర మందారాలు మన పెరటి మందారానికి చుట్టాలే. బయటి నుంచి వచ్చినవి, వాసన ఉండదు. ఈ తెల్లది మాత్రం ఇక్కడే పుట్టింది. లిమాహులిలో ఉన్న రకం కవాయి ఉత్తరపు లోయల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగదు. అక్కడ కూడా కొద్ది మొక్కలే మిగిలాయి. పొద్దున్న తెల్లగా విచ్చుకుంటుంది, మధ్యలో కేసరాల కాడ ఎర్రగా పొడుచుకొచ్చి ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ రేకులు గులాబీ రంగుకి తిరిగి వాడిపోతాయి. అందుకే పొద్దున స్లాటే బుక్ చేసుకోమని అందరికీ చెబుతాను.

తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చినప్పుడు ఆ మొక్క దగ్గరికి తీసుకెళ్లి, వాసన చూడమన్నాను. "వాసన చూసిన పువ్వు పూజకి పనికిరాదమ్మా" అన్నారు. ఇక్కడ ఎలాగూ కొయ్యనివ్వరు, పర్వాలేదన్నాక వంగారు. "అమ్మాయ్, నిజంగానే వస్తోందే!" అని మళ్లీ వంగారు. అది మల్లెలా దూరానికి కొట్టే వాసన కాదు. ముక్కు రేకులకి తగిలేంత దగ్గరికి వెళ్తే సన్నగా, తీయగా తెలుస్తుంది. జన్మంతా మందారాలు పెంచిన మనిషి, ఆకు తిరగేసి కింది నూగు తడిమి, మొగ్గలన్నీ చూసుకుంటూ అక్కడే ఉండిపోయారు. ఆవిడ సంతోషం చూశాక నాకు ఈ తోట మీద ప్రేమ రెట్టింపైంది.

ఆలులా అనే మొక్కని కూడా వదలకండి. లావైన కాండం, కొసన ఆకుల గుత్తి, లేత పసుపు పూలు. దాని పూలకి పుప్పొడి మోసే పురుగు కరువైతే, స్టీవ్ పెర్ల్‌మన్, కెన్ వుడ్ అనే వృక్ష శాస్త్రవేత్తలు 'నా పాలి' అనే పేరున్న కొండల అంచున తాళ్లు కట్టుకుని దిగి, తమ చేతులతో పుప్పొడి అద్దారు. ఇప్పుడు అడవిలో ఆ మొక్క కనబడటం లేదు, తోటల్లో బతికి ఉంది.

ఒకప్పుడు "కవాయి వస్తే ఇది చూసి తీరాలి" అనేదాన్ని. ఇప్పుడు మనిషిని బట్టి చెబుతున్నాను. ఇక్కడ ఊటీలో లాంటి రంగురంగుల పూల మళ్లు ఉండవు. దీవి మొక్కల్లో చాలావాటి పూలు చిన్నవి, తెలియకుండా నడిస్తే అంతా ఒకటే పచ్చదనం. తోటలో నడక దారి ముప్పావు మైలే గానీ పైకి ఎక్కాలి. అత్తయ్య మోకాళ్లతో పైదాకా రాలేక చేమ మళ్ల దగ్గర కూర్చున్నారు. అవి వందల ఏళ్ల కిందట రాళ్లు పేర్చి కట్టిన మెట్ల మళ్లు, ఏటి నీరు పై మడి నుంచి కింది మడికి పారుతుంది. చేమ, పసుపు, చెరుకు, అరటి దీవిలో పుట్టినవి కావు, పసిఫిక్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన పాలినీషియన్లు పడవల్లో తెచ్చుకున్నవి. అచ్చంగా స్థానిక మొక్కలే చూడాలని వచ్చేవారికి ఇది తెలిసుండాలి. మనవాళ్లకి మాత్రం అక్కడే ప్రాణం లేచొస్తుంది. దోమలుంటాయి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. 1826కి ముందు హవాయిలో దోమ అన్నదే లేదంటే బాధేస్తుంది.

అసలు టెన్షన్ వానతో. తోటకి వెళ్లే రోడ్డు మీద ఒంటి వరస వంతెనలు, హనలే నది పొంగితే రోడ్డు మూసేస్తారు. 2018 ఏప్రిల్‌లో దగ్గర్లోని వైపాలో 24 గంటల్లో 49.69 అంగుళాలు కురిసింది, అమెరికాలో అది రికార్డు. కొండచరియలు విరిగిపడి ఆ రోడ్డు 2019 జూన్ దాకా సందర్శకులకి తెరవలేదు. బుకింగ్ ఉండి కూడా దారిలోని హనలే ఊరి నుంచే వెనక్కి తిరిగిన రోజులు మాకూ ఉన్నాయి.

మేం ఇదే దీవిలోని లిహుయే ఊళ్లో ఉంటాం, ఈ వారం కాకపోతే పై వారం వెళ్తాం. నాలుగు రోజుల ట్రిప్ మీద వచ్చేవాళ్లకి ఆ వీలు లేదు. మొక్కలంటే ఇష్టం ఉంటే వచ్చిన మర్నాడే పెట్టుకోండి, వాన అడ్డొచ్చినా ఇంకో రోజు మిగులుతుంది. చిన్నపిల్లలతో వస్తే, మొక్కల మీద అంత మనసు లేకపోతే, బీచ్‌కి వెళ్లడమే మేలు. మీరు వెళ్లిన రోజు ఆ మందారం పూసి ఉంటుందని మాత్రం నేను మాటివ్వలేను, మొగ్గలు మాత్రమే చూసి వచ్చిన రోజులూ నాకు ఉన్నాయి.