మెల్‌బోర్న్ ఫ్లాట్లు చైనీస్ కొనుగోలుదారులకు అమ్మాలంటే పోర్టలా, వీచాటా?

మెల్‌బోర్న్‌లో కొత్త ఫ్లాట్లు కట్టి అమ్మే బిల్డరు చైనీస్ మాట్లాడే విదేశీ కొనుగోలుదారులను చేరుకోవడానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. ఒకటి జువాయ్ వంటి చైనీస్ ప్రాపర్టీ పోర్టల్‌లో ప్రకటన ఇవ్వడం, రెండోది వీచాట్ అనే చైనీస్ మెసేజింగ్ యాప్‌లో ఖాతా తెరిచి చైనీస్ భాష వచ్చిన ఏజెంటుకు అప్పగించడం. ఉన్న ఇంగ్లిష్ వెబ్‌సైటునే చైనీస్‌లోకి మార్చి సరిపెట్టుకునే వారూ ఉన్నారు గానీ, గూగుల్, యూట్యూబ్ చైనా ప్రధాన భూభాగంలో తెరుచుకోవు కనుక, ఖర్చు పెట్టి తీయించిన వీడియో, మ్యాపు ఉండవలసిన చోట షాంఘైలోని వారికి ఖాళీ జాగా మాత్రమే కనిపిస్తుంది.

ఈ రెండింటిలో ఏది మేలో తేల్చేది ప్రకటన కంటే ముందుగా చట్టమే. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు, కొద్దిపాటి మినహాయింపులతో, విదేశీయులు పాత ఇళ్లు కొనకూడదని ఆస్ట్రేలియా నిషేధం విధించింది. కొత్తవాటి మీద కూడా విక్టోరియా రాష్ట్రం మామూలు స్టాంపు డ్యూటీకి తోడు మరో 8 శాతం వసూలు చేస్తుంది. అటు చైనాలో ఒక వ్యక్తి ఏడాదికి 50,000 అమెరికన్ డాలర్ల విలువ మేరకే విదేశీ మారకం కొనుక్కోగలరు, అదీ విదేశాల్లో ఇల్లు కొనడానికి వాడబోమని 2017 నుంచి రాసిచ్చిన మీదటే. అందువల్ల పోర్టల్‌లో ప్రకటన చూసినవారి సంఖ్య ఎంత పెద్దదైనా, వారిలో నిజంగా కొనగలిగేది డబ్బు ఇప్పటికే దేశం బయట ఉన్నవారే.

వారిని వడపోయడం పోర్టల్‌కు సాధ్యం కాదు, సంభాషణకే సాధ్యం. ఫ్లాటు ఏ దిక్కుకు తిరిగి ఉంది, దగ్గర్లో ఏ బడి ఉంది, అశుభమనుకునే నాలుగో అంతస్తు కాకుండా శుభమనుకునే ఎనిమిదోది దొరుకుతుందా అన్న ప్రశ్నలు వీచాట్‌లోనే వస్తాయి, అదీ తరచూ రాత్రిపూట. బీజింగ్‌లో పది గంటలంటే వేసవిలో మెల్‌బోర్న్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంట. జవాబు తెల్లారాక ఇద్దాంలే అనుకునే ఏజెంటుకు ఈ పని అప్పగించకపోవడమే మంచిది. పైగా చైనాలోని తల్లిదండ్రుల తరఫున ఫ్లాటు చూడడానికి వచ్చేది మెల్‌బోర్న్‌లో చదువుతున్న కొడుకో కూతురో కావచ్చు కనుక, అదే ఏజెంటు వారిని సైటు దగ్గర కలుసుకోగలిగి ఉండాలి.

వీచాట్‌కు ఒక లోటుంది. హాంకాంగ్‌లో వాట్సాప్, తైవాన్‌లో లైన్ అనే యాప్ ఎక్కువగా వాడతారు, చైనీస్ లిపి కూడా అక్కడ సంప్రదాయ రూపంలోనే ఉంటుంది. ప్రధాన భూభాగం కోసం సరళ లిపిలో అచ్చేసిన కరపత్రాన్నే వారికీ పంపితే, తమ కోసం తయారు చేసినది కాదని చూడగానే తెలిసిపోతుంది.

నా అంచనాలో, వందల ఫ్లాట్లున్న టవరుకు పోర్టల్ ఖర్చు గిట్టవచ్చు. ఇరవై ముప్పై ఫ్లాట్ల బిల్డరు మాత్రం ఆ సొమ్మును ఏజెంటు జీతానికి మళ్లించడం మేలు. డబ్బు ఏ దేశపు బ్యాంకులో ఉందని ఆ ఏజెంటు ధర మాట్లాడకముందే మర్యాదగా కనుక్కోవాలి.