సైడ్‌లాకా, బాక్స్‌లాకా?

మా పాలమూరులో తాతల నాటి జంట గొట్టాల తుపాకులున్న ఇళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి. 2019 ఆయుధ చట్ట సవరణ తర్వాత ఒక మనిషి రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి ఏది ఉంచుకోవాలో తేల్చుకోక తప్పదు. కాల్చే యంత్రం అమరికను బట్టి ఈ తుపాకుల్లో సైడ్‌లాక్, బాక్స్‌లాక్ అని రెండు రకాలు.

చెక్కడపు పని మీద ప్రేమ ఉంటే నా ఓటు సైడ్‌లాక్‌కే. అందులో కాల్చే యంత్రాన్ని రెండు పక్క పలకల లోపలివైపు బిగిస్తారు. ఆ పలకలే పనివాడికి కాగితం. మా మేనమామ తుపాకీని భూతద్దంతో చూశాను. గులాబీ రేకు రేకుకూ వెంట్రుకంత సన్నని గీతలు, చుట్టూ తీగల మెలికలు. స్క్రూ తల మీద కూడా తీగ తెగకుండా సాగిపోయింది! ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

బాక్స్‌లాక్ 1875లో ఇంగ్లండు తుపాకీ తయారీదారులు ఆన్సన్, డీలీలు తీసుకున్న పేటెంటు. యంత్రమంతా నడిమి ఉక్కు దిమ్మెలోనే ఇముడుతుంది. భాగాలు తక్కువ, ధర తక్కువ, చెక్కడానికి చోటూ తక్కువే. అయితే గట్టిది. సైడ్‌లాక్‌కు పలకల కోసం పిడి కర్రను ఎక్కువగా తొలుస్తారు. అందుకే కొనేముందు అక్కడ పగుళ్లు వెతకాలి.

కొన్ని బాక్స్‌లాక్‌లకు అందం కోసం ఉత్తుత్తి పక్క పలకలు ఉంటాయి. అసలు సైడ్‌లాక్ పలక మీద సాధారణంగా లోపలి భాగాల పిన్నుల కొనలు కనిపిస్తాయి. అవి లేకపోతే విప్పించి చూడండి.

ఏది ఉంచుకున్నా పాలిష్ చక్రం మాత్రం తగలనివ్వకండి. ముందుగా చెరిగిపోయేవి ఆ వెంట్రుక గీతలే.