ఎఫ్1 కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డు: సీటు ఎవరిదో తేలుస్తుంది, డబ్బు సంగతి అడగొద్దు

ఒక డ్రైవర్, రెండు టీములు, రెండు సంతకాలు. ఫార్ములా వన్‌లో ఇలాంటి పేచీ వస్తే ముందుగా చేరేది జెనీవా కేంద్రంగా పనిచేసే కాంట్రాక్ట్ రికగ్నిషన్ బోర్డుకే. పాడాక్‌లో అందరూ సీఆర్‌బీ అంటారు. టీములు తమ డ్రైవర్ల కాంట్రాక్టులను అక్కడ నమోదు చేస్తాయి. ఒకే డ్రైవర్ మీద ఒకే సీజన్‌కు రెండు టీములు హక్కు చెప్పుకుంటే, బోర్డు తరఫున కూర్చునే లాయర్లు ఇరుపక్షాల వాదనా విని ఏ కాగితం చెల్లుతుందో చెబుతారు. ఆ మాటకు ప్రపంచ మోటార్ రేసింగ్‌ను నియంత్రించే సంస్థ ఎఫ్ఐఏ కట్టుబడి ఉంటుంది. బోర్డు గుర్తించని టీము తరఫున ఆ డ్రైవర్ రేసుకు దిగలేడు. అందుకే దీని మాటకు అంత బలం.

పని ఒక్కటే. ఆ ఒక్క పనిలో ఇది చాలా మంచి సేవ. దీన్ని కోర్టు అనుకుని వెళితే మాత్రం నిరాశ తప్పదు.

ఇలాంటిది ఎందుకు అవసరమైందో 1991 చూస్తే అర్థమవుతుంది. ఆ ఆగస్టులో జోర్డాన్ అనే టీము డ్రైవర్ బెర్ట్రాండ్ గాషో, లండన్‌లో ఒక టాక్సీ డ్రైవర్ ముఖాన సీఎస్ గ్యాస్ (ఒక రకం బాష్పవాయువు) కొట్టిన కేసులో జైలుకెళ్లాడు. ఆ ఖాళీలోకి 22 ఏళ్ల మైకేల్ షూమాకర్ వచ్చాడు. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో ఏడో స్థానంలో క్వాలిఫై అయ్యాడు, రేసులో క్లచ్ పోయి మొదటి ల్యాప్‌లోనే ఆగిపోయాడు. రెండు వారాలకు ఇటలీలోని మోంజా రేసులో చూస్తే మరో టీము బెనెటన్ కారులో ఉన్నాడు. జోర్డాన్ చేతిలో ఉన్నది ముందుముందు ఒప్పందం చేసుకుంటానని సంతకం పెట్టిన ఉత్తరం మాత్రమే. లండన్ కోర్టులో అది నిలవలేదు. ఇటు బెనెటన్ తీసేసిన రాబర్టో మోరెనో సామాన్యుడేం కాదు, స్పాలో నాలుగో స్థానంలో వచ్చి ఫాస్టెస్ట్ ల్యాప్ కూడా కొట్టాడు. అతను ఇటలీ కోర్టుకెళ్లి బెనెటన్‌కు వ్యతిరేకంగా ఉత్తర్వు తెచ్చుకున్నాడు, చివరికి డబ్బు తీసుకుని తప్పుకుని అదే వారాంతం జోర్డాన్ కారు నడిపాడు. రెండు దేశాల కోర్టులు, మధ్యలో ఒక రేసు. రేసు క్యాలెండర్ కోర్టు వాయిదాల కోసం ఆగదు కాబట్టి, టీములు తమలో తాము ఒప్పుకున్న ఒక వేదిక కావాల్సి వచ్చింది. సీఆర్‌బీ అలా పుట్టింది.

దీని వేగం చూడాలంటే 2022లో ఆస్కార్ పియాస్త్రీ వ్యవహారాన్ని మించిన ఉదాహరణ లేదు. ఎఫ్1 కింది మెట్లయిన ఎఫ్3ని 2020లో, ఎఫ్2ని 2021లో గెలిచిన కుర్రాడు, ఆల్పైన్ అకాడమీలో పెరిగినవాడు, 2022లో ఆ టీముకే రిజర్వ్ డ్రైవర్. ఆగస్టు 1న ఫెర్నాండో అలోన్సో తాను ఆస్టన్ మార్టిన్‌కు వెళుతున్నట్టు ప్రకటించాడు. మర్నాడే ఆల్పైన్, 2023కు పియాస్త్రీ తమ రేస్ డ్రైవర్ అని ప్రెస్ నోట్ ఇచ్చేసింది. అందులో అతని మాట ఒక్కటీ లేదు. తెలిసినవాళ్లకు అక్కడే అనుమానం వచ్చింది. కొద్ది గంటల్లోనే పియాస్త్రీ, తాను ఆ టీముతో 2023కు సంతకమే చేయలేదని, వచ్చే ఏడాది అక్కడ నడపనని ట్వీట్ చేశాడు. బోర్డు ఆగస్టు 29, సోమవారం విచారణ జరిపింది. సెప్టెంబరు 2, శుక్రవారం, నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్ రేసు వారాంతం మొదలవుతుండగానే ఏకగ్రీవ నిర్ణయం వచ్చింది: గుర్తించదగిన కాంట్రాక్టు ఒక్కటే, అది 2022 జులై 4 తేదీతో మెక్‌లారెన్‌తో కుదిరినది, 2023, 2024 సీజన్లకు అతను మెక్‌లారెన్ డ్రైవర్.

ప్రెస్ నోట్ నుంచి నిర్ణయం దాకా సరిగ్గా ఒక నెల. మామూలు వాణిజ్య కోర్టులో ఆ నెలలో జవాబు దాఖలు కూడా పూర్తికాదు.

ఆల్పైన్ ఎక్కడ జారిపడిందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ తప్పు మళ్లీ మళ్లీ జరిగేదే. వాళ్ల దగ్గర ఉన్నది 2021 నవంబరు నాటి టర్మ్స్ షీట్. అంటే ముఖ్యమైన షరతులన్నీ ఒకచోట రాసుకున్న కాగితం, అసలు కాంట్రాక్టు తర్వాత చేసుకుందామన్న ఉద్దేశంతో. ఆ తర్వాత రావాల్సిన అసలు కాంట్రాక్టు నెలలు గడిచినా సంతకాల దాకా రాలేదు. సీజన్ మొదలైంది, టెస్టులు నడిచాయి, కుర్రాడి శిక్షణకు టీము డబ్బు పోసింది. వీటన్నిటి మధ్య కాగితం సంగతి రేపు చూద్దాంలే అనుకున్నారు, ఈలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. ఖర్చుపెట్టినంత మాత్రాన హక్కు రాదు. బోర్డు చూసేది ఎవరు పెంచారన్నది కాదు, ఎవరికి సంతకం పెట్టాడన్నది. నైతికంగా ఆల్పైన్ ఫిర్యాదులో కొంత న్యాయం లేకపోలేదు. కానీ ఎనిమిది నెలలు కాగితం పూర్తిచేయని టీము విధేయత గురించి మాట్లాడితే వినేవాడు ఎవడు?

ఇక బోర్డు చేతులెత్తేసే చోట్లు.

మొదటిది డబ్బు. ఏ కాంట్రాక్టు చెల్లుతుందో చెప్పాక, ఓడిన టీముకు ఎంత నష్టపరిహారం రావాలన్నది ఇక్కడ తేలదు. పియాస్త్రీ మీద పెట్టిన పెట్టుబడి కోసం లండన్ హైకోర్టుకు వెళతామని ఆల్పైన్ ముందు గట్టిగానే చెప్పింది. బోర్డు నిర్ణయం వచ్చాక తమవైపు నుంచి వ్యవహారం ముగిసిందని ప్రకటించి ఊరుకుంది. చెల్లే కాంట్రాక్టే లేదని తేలాక, దాన్ని ఉల్లంఘించారని ఏమని దావా వేస్తారు?

రెండోది, ఇష్టంలేని కాపురం. బోర్డు డ్రైవర్‌ను ఒక టీముకు కట్టేయగలదు, అక్కడ మనసుపెట్టి ఉండేలా చేయలేదు. 1994 చివర్లో 23 ఏళ్ల డేవిడ్ కూల్టార్డ్ మెక్‌లారెన్‌తో మాట్లాడుకుంటే, బోర్డు విలియమ్స్ పక్షాన నిలిచింది. అతను 1995 విలియమ్స్‌లో గడిపి 1996కు మెక్‌లారెన్‌కే వెళ్లాడు. తీర్పు వల్ల విలియమ్స్‌కు దక్కింది ఒక్క ఏడాది. 2004లో జెన్సన్ బటన్ కథ ఇంకా చిత్రం. తన టీము బీఏఆర్ చేతిలోని ఆప్షన్, అంటే ఒప్పందాన్ని పొడిగించుకునే హక్కు, చెల్లదన్న లెక్కతో 2005కు విలియమ్స్‌తో సంతకం చేశాడు. అక్టోబరులో బోర్డు బీఏఆర్‌దే హక్కంది. ఏడాది తిరిగేసరికి తలకిందులైంది. 2006కు విలియమ్స్‌తో ఒప్పందం గట్టిగా ఉంది, అతనికేమో బీఏఆర్‌లోనే ఉండాలని ఉంది. ఈసారి పెద్ద మొత్తం కట్టి విలియమ్స్ నుంచి బయటపడాల్సి వచ్చింది. ఒకే డ్రైవర్, అవే రెండు టీములు: మొదటిసారి దారి చూపింది బోర్డు, రెండోసారి చెక్కు.

ఇంగ్లండ్ చట్టం తీరు కూడా దీనికి కలిసొస్తుంది. ఒక మనిషిని ఫలానాచోట పనిచేసి తీరాలని అక్కడి కోర్టులు బలవంతపెట్టవు. పోటీదారు దగ్గర పనిచేయకుండా ఆపడం మాత్రం 1852 నాటి లమ్లీ, వాగ్నర్ కేసు నుంచీ ఉన్నదే.

మూడో లోటు అన్నిటికన్నా ప్రమాదకరం: కోర్టు ఉత్తర్వు ఒకవైపు, రేసింగ్ కాగితాలు మరోవైపు లాగితే ఏమవుతుంది? 2015 మెల్‌బోర్న్‌లో జరిగింది అదే. గీడో వాన్ డెర్ గార్డెకు సౌబర్‌తో ఆ సీజన్ రేస్ సీటుకు కాంట్రాక్టు ఉంది, అతని స్పాన్సర్ డబ్బు ముందే కట్టేశాడు. టీము మాత్రం మార్కస్ ఎరిక్సన్, ఫెలిపె నాస్ర్‌లను తీసుకుంది. కాంట్రాక్టులోని షరతు ప్రకారం వాన్ డెర్ గార్డె స్విట్జర్లాండ్‌లో ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తుల విచారణకు, వెళ్లి గెలిచాడు. ఆ అవార్డును (మధ్యవర్తుల తీర్పును) రేసు జరిగే ఊళ్లోనే అమలు చేయించుకోవడం అతని లాయర్ల తెలివి: మార్చి 11న విక్టోరియా సుప్రీంకోర్టు అమలుకు ఉత్తర్వు ఇచ్చింది, మర్నాడు అప్పీలూ వీగిపోయింది. చట్టప్రకారం పూర్తి విజయం. అయినా ఆ వారాంతం అతను కారు నడపలేదు. ఎఫ్1లో నడపడానికి ఎఫ్ఐఏ ఇచ్చే సూపర్ లైసెన్స్ చేతిలో లేకుండా ఏ కోర్టు కాగితమూ కారును గ్యారేజీ దాటించలేదు. చివరికి పరిహారం తీసుకుని సీటు వదులుకున్నాడు. నాస్ర్ ఆ రేసులో ఐదో స్థానంలో వచ్చాడు.

దీన్నిబట్టి నేర్చుకోవాల్సింది ఒకటుంది. వివాదాల షరతు రాసేటప్పుడు సీటు హక్కు సీఆర్‌బీకి, డబ్బు లెక్క ఆర్బిట్రేషన్‌కు అని రెండూ విడివిడిగా రాయించాలి. రెండింటినీ కలిపి ఒకే చోట పడేస్తే గెలిచి కూడా ట్రాక్ బయట నిలబడాల్సి వస్తుంది.

ఎఫ్1 దాటితే ఈ సేవ లేదు. లేకపోతే ఎలా ఉంటుందో అమెరికాలోని ఇండీకార్ రేసుల డ్రైవర్ ఆలెక్స్ పాలౌ చూపించాడు. 2022 జులైలో చిప్ గనాస్సీ టీము అతని ఆప్షన్ వాడుకున్నామని ప్రకటించిన కొద్ది గంటల్లోనే, తాను మెక్‌లారెన్‌కు వెళుతున్నానని అతనన్నాడు. గనాస్సీ అమెరికాలో దావా వేసింది, సెప్టెంబరులో రాజీ అయింది. 2023లో అతను మనసు మార్చుకుని గనాస్సీలోనే ఉండిపోతే ఈసారి మెక్‌లారెన్ లండన్‌లో దావా వేసింది. అది విచారణకు వచ్చేసరికి 2025. సీఆర్‌బీ ఒక నెలలో తేల్చే పని పక్కన ఈ లెక్క పెట్టి చూడండి.

కుర్ర డ్రైవర్ కాగితాలు చూసేవాళ్లు ముందే కుదుర్చుకోవాల్సినవి కొన్ని. ఆప్షన్ షరతులో గడువు తేదీ ఒక్కటే రాస్తే చాలదు. ఏ దేశపు గడియారం, ఎన్ని గంటలకు, ఈమెయిల్ చాలా లేక కొరియర్ తప్పదా, ఎవరి పేరుకు, నోటీసుతో పాటు డబ్బు జమ కావాలా, ఇవన్నీ అక్షరాల్లో ఉండాలి. ఆప్షన్ గొడవల్లో చాలావరకు ఈ ఖాళీల్లోంచే వస్తాయి. టర్మ్స్ షీట్ మీద సంతకం చేస్తే, అది ఇప్పుడే కట్టుబడేదో కాదో ఒక్క వాక్యంలో రాయించండి. పూర్తి కాంట్రాక్టుకు గడువు పెట్టి, అది దాటితే డ్రైవర్ స్వేచ్ఛగా వెళ్లవచ్చని చేర్చండి. టీము తరఫున ఉంటే ఇదే షరతును తిప్పి రాసుకోవాలి. కాంట్రాక్టు పూర్తయ్యాక బోర్డులో నమోదైందన్న రుజువు కాపీ అడిగి దగ్గర పెట్టుకోండి. పెట్టుబడి తిరిగి రావాలంటే దానికి వేరే షరతు ఉండాలి: టెస్టు కిలోమీటరుకు ఎంత, సిమ్యులేటర్ రోజుకు ఎంత, డ్రైవర్ వెళ్లిపోతే ఏ ఏడాది ఎంత శాతం.

రిజర్వ్ డ్రైవర్ ఒప్పందాల్లో తగినన్ని అవకాశాలు ఇస్తామని ఒక మాట కనిపిస్తుంది. దానికి విలువ లేదు, అంకె కావాలి. 2025 నుంచి ప్రతి టీమూ సీజన్‌లో 4 ఫస్ట్ ప్రాక్టీస్ సెషన్లు (రేసు వారాంతంలో మొదటి సాధన సెషన్లు) కొత్త డ్రైవర్లకు ఇవ్వాలి, ఒక్కో కారులో రెండు. అందులో మీవాడికి ఎన్ని, పాత కార్ల టెస్టులు ఎన్ని రోజులు, అన్నది రాయించుకోండి. సూపర్ లైసెన్స్‌కు మూడు సీజన్లలో 40 పాయింట్లు కావాలి. ఎఫ్2లో మొదటి మూడు స్థానాలకు 40 చొప్పున వస్తాయి, నాలుగుకు 30. సీటు హామీ ఉన్నా పాయింట్లు చాలకపోతే ఏం చేయాలో రాయని కాంట్రాక్టు అసంపూర్ణమే.

వయసు సంగతి చాలామంది వదిలేస్తారు. మాక్స్ వెర్‌స్టాపెన్‌కు టోరో రోసో సీటు ఖాయమైనప్పుడు 16 ఏళ్లు. అకాడమీలు 12, 13 ఏళ్ల పిల్లలను తీసుకుంటాయి. ఇంగ్లండ్ చట్టంలో 18 నిండనివారి ఒప్పందం, మొత్తంమీద వారి మేలుకు ఉంటేనే వారిని కట్టిపడేస్తుంది. 15 ఏళ్ల ఫుట్‌బాలర్ వేన్ రూనీ ఏజెంటుతో చేసుకున్న ఒప్పందం 2006లో ఇదే కారణంతో కోర్టులో నిలవలేదు. తల్లిదండ్రుల సంతకం తీసుకున్నంత మాత్రాన సరిపోదు. పిల్లవాడికి వేరే లాయర్ సలహా ఇచ్చాడన్న కాగితం ఉండాలి, 18 నిండిన వెంటనే అదే ఒప్పందాన్ని ఖరారు చేస్తూ మళ్లీ సంతకం చేయించాలి.

మార్కులు వేయమంటే వేగానికి ఐదుకు ఐదు, కచ్చితత్వానికి నాలుగు. పారదర్శకతకు ఒకటే. విచారణ తలుపులు మూసి జరుగుతుంది, నిర్ణయాల పూర్తి పాఠం మామూలుగా బయటికి రాదు. టీములకు ఇందులో నష్టం లేదు, వాళ్ల లాయర్లకు పాత నిర్ణయాల సంగతి నోటిమాటగానైనా తెలుస్తుంది. మొదటిసారి సంతకం పెడుతున్న 17 ఏళ్ల కుర్రాడి కుటుంబానికి ఆ వీలు లేదు. అంకెలు, పేర్లు కొట్టేసైనా నిర్ణయాల సారాంశాన్ని ఎఫ్ఐఏ ప్రచురిస్తే టర్మ్స్ షీట్ తగాదాలు సగం మొదలే కావు.