వాన పన్నుకి ఎవర్ని నిలదీయాలి: వాషింగ్టన్‌నా, అన్నాపొలిస్‌నా, కౌంటీనా?

జులైలో ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చిందంటే మేరీలాండ్‌లో మనవాళ్ళ మధ్య ఒక ప్రశ్న తప్పదు. "వాన పన్నుని మాజీ గవర్నర్ హోగన్ తీసేశాడు కదండీ, మళ్ళీ ఈ వాటర్‌షెడ్ ఫీజు ఏంటి?" రూఫుల మీద, రోడ్ల మీద పడి ఇంకకుండా పారే వాన నీటి మురికిని తగ్గించడానికి కౌంటీ వేసే ఛార్జీ ఇది, వాన పన్ను అన్నది దీనికి వెక్కిరింపు పేరు. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళూ అడుగుతారు, పదేళ్ళుగా కడుతున్నవాళ్ళూ అడుగుతారు. మొన్న లాన్‌హామ్ శివ విష్ణు గుడి కాంటీన్‌లో దోసె ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడితే, ముందున్నాయన వెనక్కి తిరిగి ఇదే అడిగాడు. "ఎవర్ని తిట్టుకోవాలో చెప్పండి, తిట్టుకుని కట్టేస్తాను" అన్నాడు.

తిట్టడానికి మూడు తలుపులున్నాయి: వాషింగ్టన్‌లో ఫెడరల్ ప్రభుత్వం, అన్నాపొలిస్‌లో మేరీలాండ్ రాష్ట్ర ప్రభుత్వం, మన జిల్లాలాంటి కౌంటీ. మూడింటి దగ్గరా కొంత తప్పుంది. కానీ ఏ తలుపు కొడితే ఎవరైనా తీస్తారన్నదే నాకు ముఖ్యం.

ముందు వాషింగ్టన్. మూలం అక్కడే. 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్‌ని 1987లో సవరించి, నగరాల వాన కాలవల నీటిని కూడా దాని కిందకి తెచ్చారు. లక్ష జనాభా దాటిన చోట్ల వాన కాలవల నీటిని బయటికి వదలాలంటే పర్మిట్ ఉండాలని 1990లో రూల్స్ వచ్చాయి. 2010 డిసెంబర్‌లో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ, మన నీళ్ళన్నీ చేరే చెసాపీక్ బే అనే అఖాతానికి మొత్తంగా ఒక లెక్క కట్టింది: నైట్రోజన్ 25 శాతం, ఫాస్ఫరస్ 24 శాతం, మట్టి 20 శాతం తగ్గాలి, అందుకు కావాల్సిన పనులన్నీ 2025 కల్లా అయిపోవాలంది. రూఫుల మీద, రోడ్ల మీద, పార్కింగ్ లాట్ల మీద పడ్డ వాన, భూమిలోకి ఇంకే దారి లేక నూనె, ఎరువు, కుక్కల పెంట అన్నీ కడిగి తీసుకెళ్ళి బేలో కలుపుతుంది. దాన్ని ఆపడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో ఈపీఏ చెప్పలేదు. ఒక ముచ్చట కూడా చెప్పుకోవాలి. వాషింగ్టన్ డీసీ నగరంలో ఇలాంటి ఛార్జీ వేస్తే, ఇది పన్ను, మేం కట్టక్కర్లేదని కొన్ని ఫెడరల్ శాఖలే మొరాయించాయి. వాళ్ళూ కట్టాల్సిందేనని 2011 జనవరిలో వేరే చట్టం చేయాల్సి వచ్చింది. రూల్ పెట్టిన ఇంటివాళ్ళే బిల్లు కట్టనన్నారన్న మాట. తిట్టుకోవచ్చు. కానీ మా హోవర్డ్ కౌంటీలో ఒక ఇంటాయన గోడు విని ఈపీఏ తన లెక్క మార్చదు.

తర్వాత అన్నాపొలిస్. ఎక్కువమంది కోపం ఇక్కడికే పోతుంది, పేరు పుట్టింది ఇక్కడే కాబట్టి. 2012లో శాసనసభ చట్టం చేసింది, గవర్నర్ ఓమాలీ సంతకం పెట్టారు. బాల్టిమోర్ నగరం, తొమ్మిది పెద్ద కౌంటీలు 2013 జులై కల్లా ఫీజు పెట్టాలన్నారు. మాంట్‌గోమరీలో అప్పటికే ఇలాంటి ఛార్జీ ఉంది కాబట్టి దాన్ని వదిలేశారు. వ్యతిరేకించేవాళ్ళు దీనికి 'రెయిన్ టాక్స్' అని పేరు పెట్టారు. 2014 గవర్నర్ ఎన్నికల్లో హోగన్ ఆ రెండు మాటలనే ఊరూరా తిప్పి గెలిచారు కూడా. 2015లో చట్టం మార్చారు.

అయితే ఆ మార్పులో ఏముందో చాలామంది చదవలేదు. ఫీజు రద్దు కాలేదు. 'ఫీజు పెట్టి తీరాలి' అన్న నిబంధన ఒక్కటే పోయింది. పర్మిట్ అలాగే ఉంది, చేయాల్సిన పని అలాగే ఉంది. దానికి డబ్బు ఎలా తెస్తారో రెండేళ్ళకోసారి లెక్క చూపించమని కౌంటీల మీద కొత్తగా ఇంకో బాధ్యత పెట్టారు. అంటే 2015 తర్వాత మీరు కడుతున్న ఫీజుకి అన్నాపొలిస్ వైపు వేలు చూపించే వీలే లేదు. ఉంచుకోవాలా వద్దా అన్నది కౌంటీ ఇష్టం.

అందుకే నా ఓటు మూడో తలుపుకి. 2013లోనే అది తేలిపోయింది. ఒకే చట్టం, ఒకే గడువు. ఫ్రెడరిక్ కౌంటీ ఏం చేసిందో తెలుసా? ఒక్కో ఆస్తికి ఏడాదికి ఒక్క సెంటు పెట్టింది. కౌంటీ మొత్తం కలిపినా 500 డాలర్లు రావు! చట్టాన్ని వెక్కిరించడానికే పెట్టారు. క్యారల్ కౌంటీ అసలు ఫీజే వద్దని ప్రాపర్టీ టాక్స్ డబ్బులోంచి తీసి పక్కన పెట్టింది. ఆన్ అరండెల్‌లో కౌంటీ ఎగ్జిక్యూటివ్ వీటో చేస్తే, కౌన్సిల్ ఆ వీటోని కొట్టేసి ఫీజు పెట్టింది. బాల్టిమోర్ నగరంలో విడి ఇళ్ళకి మూడు శ్లాబులు పెట్టారు: అప్పట్లో ఏడాదికి 40, 60, 120 డాలర్లు. మా హోవర్డ్‌లో మొదట వాన ఇంకని ప్రతి 500 చదరపు అడుగులకి 15 డాలర్లు అన్నారు. జనం గొడవ చేశాక ఇంటి రకాన్ని, స్థలాన్ని బట్టి ఏడాదికి 15, 45, 90 అని మూడు రకాలు చేశారు. మా స్థలం పావు ఎకరం దాటింది, 90 కడుతున్నాం. ఆ 90ని వాషింగ్టన్ రాయలేదు, అన్నాపొలిస్ రాయలేదు. కౌన్సిల్‌లో ఐదుగురు కూర్చుని రాశారు. వాళ్ళ ఆఫీసు మా ఇంటికి పది నిమిషాలు.

ఫీజు మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి. నాకైతే మంచిదే అనిపిస్తుంది. ఎవరి రూఫు ఎంతో వాళ్ళు సుమారుగా అంత కట్టడం, ఇంటి ధరని బట్టి కట్టడం కంటే న్యాయం. పెద్ద పార్కింగ్ లాట్ ఉన్న మాల్ మీద ఎక్కువ పడుతుంది. మా నాన్నకి ఫోన్లో చెబితే "వాన పడితే డబ్బులా!" అని పగలబడి నవ్వారు. జీహెచ్ఎంసీ ఇంటి పన్నులో డ్రైనేజీ పన్ను కూడా కలిసే ఉంటుంది నాన్నా, విడిగా కనపడదు కాబట్టి మీరు అడగరు అన్నాను. నవ్వు ఆగింది. ఇక్కడ విడిగా ఒక లైన్ కనిపిస్తోంది, అందుకే ఒళ్ళు మండుతుంది. లెక్క అడగడానికి పనికొచ్చేదీ ఆ లైనే.

మిగతావాళ్ళ మాట క్లుప్తంగా. బిల్డర్లు: పాత కాలనీలు నీటిని ఆపే ఏర్పాటేమీ లేకుండా కట్టేశారు, నిజమే, ఇప్పుడు వాళ్ళని ఎక్కడని వెతుకుతాం. రైతులు: వాళ్ళ లెక్క వేరే ఉంది, ఈ ఫీజుతో సంబంధం లేదు. గుళ్ళూ చర్చిలూ: 2014లో ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో కొందరు పాస్టర్లు పర్యావరణం మీద ప్రసంగాలు చేస్తామని ఒప్పుకుని ఫీజు తగ్గించుకున్నారు. మన పంతుళ్ళు వరుణ సూక్తం చదువుతున్నామని చెబితే ఏమనేవారో.

ఇక మనం. రెండో కారు కొన్నాక నేను డ్రైవ్‌వే పక్కన పది అడుగుల గడ్డి తీయించి తారు పోయించాను. వాన పడితే ఇప్పుడు ఆ మూల నుంచి నీళ్ళు సన్నటి కాలవలా వీధి జాలీలోకి పోతాయి. చూస్తూ కాఫీ తాగుతాను. తిలాపాపం తలా పిడికెడు అంటారే, నా పిడికెడు అది.

కౌంటీని అడిగేటప్పుడు ఒక్క పొరపాటు చేయకండి. 2016 జులై 30న, మళ్ళీ 2018 మే 27న మా కౌంటీలోని ఎల్లికాట్ సిటీ మెయిన్ స్ట్రీట్ ఏరైపోయింది, ప్రాణాలు పోయాయి. "ఫీజు కడుతున్నాం, వరద ఎందుకొచ్చింది?" అని అడిగినవాళ్ళున్నారు. ఈ ఫీజు ముఖ్యంగా నీటి మురికి తగ్గించడానికి. రెండు మూడు గంటల్లో ఆరంగుళాల వాన కురిస్తే ఆపడానికి కాదు. ఆ ప్రశ్న వేస్తే వాళ్ళకి తప్పించుకోవడం తేలిక. రెండేళ్ళకోసారి పంపే లెక్క గురించి అడగండి. దాన్ని రాష్ట్రానికి పంపే ముందు పబ్లిక్ హియరింగ్ పెట్టాలని చట్టంలోనే ఉంది. ఎన్ని ఎకరాల వాన నీటిని శుద్ధి చేస్తామన్నారు, ఎన్ని చేశారు, ఎకరానికి ఎంతైంది? దోసె ప్లేటాయనకి ఈ మూడూ కాగితం మీద రాసిచ్చాను. హియరింగ్ డేటు తెలిస్తే చెప్పండి, నేనూ వస్తానన్నాడు.