ఎమర్జెన్సీ వార్డులో కీటోన్ మీటర్: ఫ్రీస్టైల్ ఆప్టియం నియో

డీకేఏ (డయాబెటిస్‌లో ఇన్సులిన్ కొరతతో రక్తంలో కీటోన్లు పేరుకుని ఆమ్లం పెరిగే ప్రమాద స్థితి) అనుమానం వచ్చాక మూత్ర పరీక్ష కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు. వేలి కొసన చిన్న బొట్టు, 10 సెకన్లు, రక్తంలోని ముఖ్య కీటోన్ అయిన బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అంకె తెర మీద. లీటరుకు 3.0 మిల్లీమోల్ చేరితే వెంటనే వీనస్ గ్యాస్ (సిర రక్తంలో ఆమ్లత చూసే పరీక్ష), పొటాషియం చూడాలి. డాపాగ్లిఫ్లోజిన్ (షుగర్‌ను మూత్రంలోకి పంపే మందు) వాడేవారిలో డీకేఏ వచ్చినా షుగర్ 200 లోపే ఉండి అందరినీ ఏమార్చొచ్చు. అక్కడ ఈ మీటరుకు తిరుగులేదు.

మూత్రం స్ట్రిప్ పట్టేది అసిటోఅసిటేట్ అనే మరో కీటోన్‌ను. ఇన్సులిన్ పనిచేసేకొద్దీ బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ అందులోకి మారుతుంది కనుక, రోగి కోలుకుంటున్నా రంగు ముదరొచ్చు. మీటరుకు ఆ చిక్కు లేదు. కిలోకు గంటకు 0.1 యూనిట్ ఇన్సులిన్ నడుస్తుంటే కీటోన్ గంటకు కనీసం 0.5 దిగాలి. దిగలేదా, మోతాదు పెంచేముందు పంపు, ట్యూబు, కాన్యులా (సిరలో పెట్టిన సన్న గొట్టం) తడిమి చూడండి.

లోపాలూ ఉన్నాయి. 8.0 దాటితే ‘హై’ అనేసి ఊరుకుంటుంది. అప్పుడు కీటోన్ తగ్గుదలకు రక్తంలో బైకార్బొనేట్ పెరగడమే కొలత. షాక్‌లో వేలి రక్తం నమ్మొద్దు, సిర రక్తం వాడండి. గ్లూకోజ్ స్ట్రిప్పు వేరు, కీటోన్ స్ట్రిప్పు వేరు, రెండోది ఖరీదు. ఇక పొటాషియం సంగతి దీనికి తెలీదు: 3.5 కన్నా తక్కువుంటే ఇన్సులిన్ ఆగాలి, పొటాషియం ముందు ఎక్కాలి.