గుడ్డ ముక్కల డబ్బాలు: ఆరేళ్ళ వాడకం తర్వాత

మొదటే చెప్పేస్తాను. గుడ్డ ముక్కలను రంగులవారీగా సర్దుకుంటే డబ్బాలు చూడముచ్చటగా ఉంటాయి, బొంత మాత్రం తయారు కాదు. కొలతలవారీగా కోసి పెట్టుకుంటేనే ముక్కలు ఖర్చవుతాయి. ఈ సంగతి తలకెక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ తర్వాతి నాలుగేళ్ళలో పెద్దవీ చిన్నవీ కలిపి ఏడు బొంతలు కుట్టాను కాబట్టి, ఫిర్యాదులతో సహా రాసే అర్హత వచ్చిందనుకుంటున్నాను.

మాది మల్కాజిగిరిలో రెండు పడకగదుల ఫ్లాటు. ఇంట్లోవాళ్ళ జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు నేనే కుడతాను. టూ బై టూ రూబియా జాకెట్టు ఒక్కటి కోస్తే చాలు, మెడ దగ్గర నెలవంకలాంటి ముక్క, చంకల దగ్గర రెండు వంకర ముక్కలు, అంచున పొడుగాటి పీలిక మిగులుతాయి. పారేయబుద్ధి కాదు. దానికి తోడు పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు: కుట్టించుకునేంత నచ్చవు, ఇంకొకరికి పెట్టడానికి మొహమాటం. 2019లో ఒకరోజు బీరువా కింది అర తెరిస్తే మూట జారి కాళ్ళ మీద పడింది. అదే ఆరంభం.

మొదట ఖాళీ మిఠాయి డబ్బాల్లో రంగుకొకటి చొప్పున సర్దాను. అట్టకు పట్టిన నెయ్యి గుడ్డకు అంటుకుంది, నెయ్యి కోసం చీమలు వచ్చాయి. బేగంబజార్ వెళ్ళి మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాను. లోపలిది బయటికి కనబడే రకం. పచ్చ, ఎరుపు, పసుపు, నీలం వరసగా పెడితే కొట్టులా ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. రెండేళ్ళలో వాటిలోంచి ఒక్క గలీబు మాత్రం బయటికి వచ్చింది.

కారణం చిన్నదే. పచ్చ డబ్బాలో అరచేయంత ముక్కా ఉంటుంది, అంగుళం పీలికా ఉంటుంది, మెడ ముక్కా ఉంటుంది. ముక్కలు కలిపి బొంతకు ఒక్క గడి కుట్టాలన్నా డబ్బా మొత్తం మంచం మీద కుమ్మరించి, పనికొచ్చేవి ఏరి, ఇస్త్రీ చేసి, కొలిచి కోయాలి. ఇంతలో కుక్కరు మూడో కూత వేస్తుంది. మళ్ళీ అన్నీ ఎత్తి డబ్బాలో కుక్కడం.

2021 నుంచి పద్ధతి మార్చాను. జాకెట్టు కోసిన రోజే మిగిలినదాన్నీ కోసేస్తాను. మొదట్లో ఉత్సాహం కొద్దీ ఐదు కొలతలు పెట్టుకున్నాను: 1.5, 2, 2.5, 3.5, 5 అంగుళాల చదరాలు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్క అవసరం.

రెండు ముక్కలు కలిపి కుట్టినప్పుడు ప్రతి అంచునా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. అంటే 2.5 అంగుళాల చదరం కుట్టాక 2 అంగుళాలే కనబడుతుంది. విస్తీర్ణం చూస్తే వంద పాళ్ళలో 36 పాళ్ళు లోపలికి పోయినట్టు. 5 అంగుళాల చదరానికి పోయేది 19 పాళ్ళే. అదే 1.5 అంగుళాల దానికి 56 పాళ్ళు! సగానికి పైగా గుడ్డ కుట్టులో దాక్కుంటుంది. అలాంటి బుల్లి చదరాలతో ఒక కుర్చీ పరుపు తొడుగు కుట్టాను. వెనక అంతా రెండు పొరల గుడ్డే కాబట్టి గోనెసంచిలా బిరుసెక్కింది. ఇస్త్రీ పెట్టె కూడా దాన్ని లొంగదీయలేకపోయింది. ఆ రోజుతో 1.5 డబ్బా మూతపడింది. 2 అంగుళాల డబ్బా కూడా దాని వెనకే వెళ్ళింది.

2.5, 3.5 మాత్రం బంగారం. 2.5 చదరాలు తొమ్మిది మూడేసి చొప్పున కలిపితే కుట్టు పోను 6 అంగుళాల గడి వస్తుంది. 3.5 చదరాలు నాలుగు కలిపినా 6 అంగుళాల గడే. రెండు డబ్బాల సరుకూ ఒకే బొంతలో పక్కపక్కన సరిగ్గా కూర్చుంటుంది. ఒంటరి మంచానికి సరిపోయే 60 × 90 అంగుళాల బొంతకు అలాంటి గళ్ళు 150 కావాలి. ఏ డబ్బాలో ఏది ఉంటే అది వాడుకోవచ్చు, ఫలానా ముక్క లేదని పని ఆగదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

5 అంగుళాల చదరం మాత్రం పంక్తిలో ఇమడని బంధువులాంటిది. విదేశాల్లో ముందే కోసి అమ్మే గుడ్డల కట్టలు ఆ కొలతలో వస్తాయని చూసి మొదలుపెట్టాను. కుట్టాక 4.5 అవుతుంది, మిగతావాటితో ఎక్కడా కలవదు. అయినా ఉంచుకున్నాను. ఎందుకంటే 80 చదరాలు పోగైతే, ఎనిమిదీ పదీ వరసల్లో 36 × 45 అంగుళాల పసిపిల్లల బొంత రెండు ఆదివారాల్లో అయిపోతుంది. బంధువుల్లో బారసాలలకు కొదవ లేదు.

కోతకు గుండ్రటి బ్లేడు కట్టరు, కింద పరిచే మ్యాటు, 24 అంగుళాల అక్రిలిక్ స్కేలు కొన్నాను. మూడూ కలిపి రెండు వేలు దాటాయి. ఈ తిరిగే బ్లేడు కట్టరును జపానులోని ఓల్ఫా సంస్థ 1979లో తెచ్చింది. అంతకుముందు అందరూ సుద్దతో గీసి కత్తెరతో కోసుకున్నవాళ్ళే. నాది చవక రకం, 45 మిల్లీమీటర్ల బ్లేడు. నాలుగు పొరలు ఒక్క తోపుతో తెగుతాయి, మూలలు చెక్కు చెదరవు. కానీ ప్రతి కోత తర్వాతా బ్లేడు మూత వేయాలన్న నియమాన్ని ఒక రాత్రి మరిచిపోయాను. ఎడమ ఉంగరపు వేలి గోరు మూల చదరంగా తెగింది! జరీ ఉన్న ముక్క మీద నడిపితే బ్లేడుకు గంటు పడుతుంది, ఆపైన ప్రతి కోతలోనూ అదే చోట నాలుగు పోగులు తెగకుండా మిగులుతాయి. పట్టు అంచుల్ని కత్తెరకే వదిలేయండి. ఇక మ్యాటు సంగతి. మే నెలలో బాల్కనీ గోడకు ఆనించి ఊరెళ్ళాను. వచ్చేసరికి అప్పడంలా వంకర తిరిగింది. నెల రోజులు పరుపు కింద పెట్టినా పూర్తిగా దారికి రాలేదు. హైదరాబాద్ ఎండల్లో దాన్ని పడుకోబెట్టి నీడనే ఉంచాలి.

డబ్బాలు నిజంగా ఖాళీ అయ్యేది బొంత కుడదామని కూర్చున్నప్పుడు కాదు. 2.5 డబ్బా మిషను పక్కనే ఉంటుంది. జాకెట్టుకు ఒక కుట్టు ముగిసి దారం తెంపాల్సిన చోట, తెంపకుండా రెండు చదరాలు జంటగా పెట్టి మిషను పాదం కింద పోనిస్తాను. దారం వృథా కాదు, తర్వాతి కుట్టు మొదట్లో చిక్కు పడదు. జాకెట్టు పూర్తయ్యేసరికి పన్నెండో పదిహేనో జంటలు తోరణంలా వేలాడుతుంటాయి. వాటి కోసం ప్రత్యేకంగా కూర్చున్నది ఏమీ లేదు.

చదరాలకు చాలని పీలికలకు నాలుగో డబ్బా. 6.5 అంగుళాల కాగితం మీద మూలనుంచి మూలకు ఒక పీలిక పెట్టి, దాని మీద ఇంకొకటి బోర్లించి, అంచు వెంట కుట్టి, పక్కకు తిప్పి పరుస్తూ కాగితమంతా నింపాలి. తర్వాత చుట్టూ సరిచేస్తే మళ్ళీ మన 6 అంగుళాల గడే. కుట్టు నిడివి తగ్గించి కుడితే కాగితం సులువుగా చిరిగి వస్తుంది. మొదటిసారి వార్తాపత్రిక వాడాను. సిరా దిగి మా వారి పాత తెల్ల పంచె ముక్కల మీద ఆనాటి బంగారం ధరలు తిరగేసి అచ్చయ్యాయి. ఇప్పుడు పిల్లల పాత నోటుపుస్తకాలే. పీలికలు వెడల్పులో ఎలా ఉన్నా పర్వాలేదు, ముప్పావు అంగుళం కంటే సన్నగా ఉంటే మాత్రం వదిలేస్తాను.

వదిలేయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకోవడానికి అన్నిటికంటే కష్టపడింది అదే. నా సరదా తెలిసి మా వీధి చివరి టైలరు నెలకో సంచి పంపడం మొదలుపెట్టాడు. విప్పితే సగం శాటిన్, నెట్, లైనింగు గుడ్డ. ఇస్త్రీ పెట్టె తగలగానే ముడుచుకుపోతాయి. అనుమానమున్న ముక్క నుంచి ఒక పోగు లాగి వెలిగిస్తాను: నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలియెస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. ఆ పూస కట్టే జాతిని ఇంటికి రానివ్వకూడదు. ప్రేమగా ఇచ్చే మనిషికి వద్దని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. అందాకా ఒక డబ్బా నిండా చెత్తను భద్రంగా దాచాను. చిట్టి పొట్టి తరుగులతో దిండు నింపమని సలహా ఇస్తారు, నేనూ నింపాను. ఇసుక మూటంత బరువైంది, దాని మీద తల పెట్టినవారు లేరు.

ఉతుకుల సంగతికి వస్తాను. 2021 నాటి మొదటి బొంత ఇంకా వాడకంలోనే ఉంది. ముందు చిరిగినవి ఏవంటే, బాగా వాడిన పాత చీరల నుంచి కోసిన చదరాలు. పక్కన కొత్త రూబియా గట్టిగా పట్టి లాగుతుంటే పాత గుడ్డ తట్టుకోలేదు. రెండేళ్ళకే నూలు జల్లెడైంది. పాత చీరలు లోపలి పొరకూ అడుగు భాగానికీ వాడుకోండి, పైన వద్దు. 5.5 మీటర్ల చీరను అడ్డంగా సగానికి కోసి రెండు భాగాలు పక్కపక్కన కలిపితే, జంట మంచం బొంతకు సరిపోయే అడుగు గుడ్డ ఒక్క చీరలో వచ్చేస్తుంది. మధ్యలో దూది పెట్టిన బొంత ఒకటి చేశాను. కుట్లు దూరంగా వేసినందుకు మూడో ఉతుక్కి దూది మూలలకు చేరి ఉండలు కట్టింది. మన డిసెంబరు చలికి అంత అక్కర్లేదు కూడా, మధ్యలో మెత్తబడ్డ నూలు చీర ఒక పొర చాలు. వానాకాలం కోసం మరో మాట: గంజి పెట్టిన గుడ్డ చక్కగా తెగుతుంది గానీ గంజితోనే డబ్బాలో దాస్తే పుస్తకాలు తినే వెండిరంగు పురుగుకు విందు చేసినట్టే.

పెడన అచ్చు కలంకారీ ముక్కలతో నాకు పేచీ ఉంది. ఎర్రరంగు దిగి తెల్ల గళ్ళన్నీ గులాబీ మచ్చలయ్యాయి. ఉప్పునీళ్ళలో నానబెడితే ఆగుతుందన్నారు, నా ముక్క ఆ మాట వినలేదు. ఇప్పుడు తడి ముక్కను తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేసి చూస్తాను, మరక పడితే బొంతలోకి ప్రవేశం లేదు. మరక పడనివాటితోనూ ఇంకో బాధ: అంత అందమైన పువ్వును 2.5 అంగుళాల చదరాలుగా నరకడానికి చేయి రాదు. పూర్వం మన కోరమాండల్ తీరపు అద్దకాలు ఇంగ్లండు చేరినప్పుడు అక్కడి ఆడవాళ్ళు పువ్వుల చుట్టూ కత్తిరించి సాదా గుడ్డ మీద పెట్టి కుట్టుకునేవారట. దేశీయ నేతగాళ్ళను కాపాడటానికి 1721లో అక్కడ అచ్చు నూలు గుడ్డల మీద నిషేధ చట్టం వచ్చింది, 1774 దాకా ఎత్తలేదు. అలాంటి సరుకు చేతిలో ఉండి చదరాలు కోయడమేమిటని, కలంకారీ పువ్వుల్ని నేనూ అలాగే కత్తిరించి సాదా గడి మీద కుడుతున్నాను.

ఇంతా చేసి మెడ ముక్కల నెలవంకలు ఏ డబ్బాకూ లొంగలేదు. ఆరేళ్ళలో సంచెడు పోగయ్యాయి. వాటికి దారి చూపింది మా అత్తయ్యగారు. ఆవిడ పుట్టిల్లు నారాయణపేట వైపు. నా స్కేలూ బ్లేడూ చూసి మొదటినుంచీ నవ్వేవారు. "మంచి గుడ్డను కోసి ముక్కలు చేసి, మళ్ళీ ఆ ముక్కలు కలపడమేమిటమ్మాయ్? ఉన్నదాన్ని ఉన్నట్టు వేసి కుట్టుకుంటూ పోరాదూ?" అనేవారు. పోయిన సంక్రాంతికి ఆ సంచి అడిగి తీసుకున్నారు. రెండు పాత చీరలు పరిచారు, ఒక మూలనుంచి మొదలుపెట్టి అంచు వెంట ముక్కలు వేస్తూ, ఒక్కొక్క ముక్క అంచు వేలితో లోపలికి మడుస్తూ, అన్ని పొరలూ కలిపి పరుగు కుట్టు వేసుకుంటూ నడిమికి వస్తున్నారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ తెగ స్త్రీలు కుట్టే బొంతలు కూడా ఇలాగే అంచునుంచి లోపలికి నడుస్తాయి. కొలత లేదు, కోత లేదు, ముక్కలు కలిపే కుట్టు వేరు, పొరలు కలిపే కుట్టు వేరు అన్న గొడవే లేదు. నెలవంక నెలవంకగానే ఉండిపోతుంది. గుడ్డ వృథా లెక్క తీస్తే ఆవిడదే గెలుపు. వేగంలో మాత్రం నా మిషనుది పైచేయి.

కాబట్టి మా ఇంట్లో ఇప్పుడు రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. చదరాలూ పీలికలూ నావి, వంకరవన్నీ ఆవిడవి. కంటి చూపు తగ్గడంతో సూదిలో దారం ఎక్కించడం ఒక్కటే ఆవిడకు కష్టం. పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి వెళ్తాను. సాయంత్రం వచ్చేసరికి పదీ ఖాళీ.