తీరం కోతను కొలవడానికి ల్యాండ్‌శాటా, సెంటినెలా?

రెండు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి "చూశారా, సముద్రం ఎంత లోపలికి వచ్చేసిందో" అనడం చాలా తేలిక. కానీ మొదటిది ఆటు వేళ, రెండోది పోటు వేళ తీసినవైతే? 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలే బీచ్‌లో నీటిమట్టం ఒక్క మీటరు పెరిగితే చాలు, నీటి అంచు 50 మీటర్లు వెనక్కి జరుగుతుంది. దానికి ఇసుక రేణువు ఒక్కటి కూడా కదలక్కర్లేదు.

అందుకే ఏ ఉపగ్రహం మేలు అని ఎవరైనా అడిగితే, ముందు మీరు కొలవాలనుకుంటున్నది ఏమిటని నేను తిరిగి అడుగుతాను. ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగే కోతనా? నిన్నటి తుపాను మింగేసిన ఇసుకనా?

ఉచితంగా దొరికే వాటిలో పోటీ ప్రధానంగా రెండింటి మధ్యే. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల వరస 1972లోనే మొదలైనా, తీరరేఖ పనికి అక్కరకొచ్చేది 1984లో ఎగిరిన ల్యాండ్‌శాట్ 5 నుంచి. దాని చిత్రంలో ఒక్కో పిక్సెల్, అంటే ఒక్కో చుక్క, నేల మీద 30 మీటర్లు. ఒక్కో ఉపగ్రహం 16 రోజులకోసారి అదే చోటికి వస్తుంది. ఇప్పుడు ల్యాండ్‌శాట్ 8, 9 రెండూ తిరుగుతున్నాయి కాబట్టి 8 రోజులకో చిత్రం. యూరప్ వాళ్ల సెంటినెల్-2 సంగతికొస్తే, 2015లో మొదలైంది, పిక్సెల్ 10 మీటర్లు, రెండు ఉపగ్రహాలతో 5 రోజులకో చిత్రం.

కాగితం మీద సెంటినెల్ గెలిచినట్టే. ల్యాండ్‌శాట్ ఒక్క చుక్కగా చూపే చోట అది తొమ్మిది చుక్కలు చూపిస్తుంది. అయితే ఈ తేడా కనిపించినంత పెద్దది కాదు. నీటి అంచును ఎవరూ పిక్సెల్ గడుల వెంట మెట్లు మెట్లుగా గీయరు. ఆకుపచ్చ, సమీప పరారుణ కాంతుల నిష్పత్తితో నీటి సూచిక, అంటే ఏది నీరో ఏది నేలో చెప్పే అంకె, లెక్కగట్టి, పక్కపక్క పిక్సెళ్ల విలువల మధ్య గీత ఎక్కడ పడుతుందో అంచనా వేస్తారు. కోస్ట్‌శాట్ అనే ఉచిత పైథాన్ టూల్ చేసేది ఇలాంటి పనే. దాంతో ల్యాండ్‌శాట్ చిత్రాల్లోనూ పొరపాటు దాదాపు 10 మీటర్లకు దిగుతుంది. అలల నురగను ఇసుక అనుకోకుండా విడిగా గుర్తుపట్టడం దాని ఇంకో సుగుణం. పైగా నీటిని బాగా పట్టిచ్చే షార్ట్‌వేవ్ పరారుణ బ్యాండు (ఆ ఒక్క రకం కాంతితో తీసే చిత్రం) సెంటినెల్‌లో 20 మీటర్లదే. ప్రకటనలో చెప్పే 10 మీటర్లు అన్ని బ్యాండ్లకూ వర్తించవు.

ఇక కాలం లెక్క చూద్దాం. తీరం ఏడాదికి ఒక మీటరు చొప్పున కోతకు గురవుతోందనుకోండి. పదేళ్లకు 10 మీటర్లు. కొన్ని బీచ్‌లు రుతువు మారితేనే 20, 30 మీటర్లు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. ఆ ఊగులాటలో ఈ 10 మీటర్లను పట్టుకోవడం కష్టం. 40 ఏళ్లకైతే 40 మీటర్లు, దాన్ని మసక కన్నైనా చూస్తుంది. ప్రపంచ బీచ్‌లలో 24 శాతం ఏడాదికి అర మీటరు కంటే వేగంగా కోతకు గురవుతున్నాయనీ, 28 శాతం మేట వేస్తున్నాయనీ 2018లో తేల్చిన అధ్యయనం నిలబడింది 1984 నుంచి ఉన్న ఈ పాత చిత్రాల మీదే. కోత రేటు కావాలంటే నా ఓటు ల్యాండ్‌శాట్‌కే.

తుపాను దెబ్బ, కొత్తగా కట్టిన గోడ పక్కన మొదలైన కోత లాంటివాటికి మాత్రం సెంటినెల్‌కు సాటి లేదు. ఏడాదికి 73 సార్లు వస్తుంది, సగానికి పైగా మబ్బులు తినేసినా పాతిక, ముప్పై మంచి చిత్రాలు మిగులుతాయి. ఒక్కో చిత్రంలో పొరపాటు 10 మీటర్లైనా, పాతిక చిత్రాల సగటులో అది 2 మీటర్ల దాకా తగ్గుతుంది. ఆ పొరపాట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతేనే సుమా. ఆటుపోట్ల పొరపాటు అలా తగ్గదు. రెండు వరసలూ వచ్చినప్పుడల్లా దాదాపు ఒకే స్థానిక సమయానికి, ఉదయం పది దాటాక వస్తాయి కాబట్టి సూర్యుడి వల్ల వచ్చే పోటును ఎప్పుడూ ఒకే దశలో చూస్తాయి. పోటు తేడా ఎక్కువగా ఉన్న చోట ప్రతి చిత్రానికీ ఆ వేళ నీటిమట్టం, బీచ్ వాలు తీసుకుని సరిదిద్దాల్సిందే. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ, నా టెన్షన్ అంతా దాని గురించే.

మబ్బులు అడ్డమైతే రాడార్ ఉందిగా అంటారు. సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహం మబ్బుల్లోంచి చూస్తుంది, నిజమే. కానీ గాలికి చెలరేగిన సముద్రం రాడార్‌కు నేలలా మెరుస్తుంది, నునుపైన తడి ఇసుక నీళ్లలా నల్లగా కనిపిస్తుంది. నేను దాన్ని చివరి దిక్కుగానే వాడతాను.

డబ్బు పెట్టి కొనే చిత్రాలు ఒక్క చోట మాత్రం తప్పవు. అది కొండచరియ తీరం. అక్కడ నీటి అంచు కదలదు, పైనున్న చరియ అంచు విరిగి పడుతుంది. దాన్ని చూడాలంటే మీటరు లోపు పిక్సెల్ కావాలి. ఇసుక బీచ్‌కు అంత ఖర్చు దండగ.

నిజానికి పని చేసేవాళ్లు ల్యాండ్‌శాట్‌నూ సెంటినెల్‌నూ కలిపే వాడతారు. అలా కలిపేముందు 2015 తర్వాతి ఏళ్లకు రెండింటి గీతలూ విడివిడిగా గీసి చూడండి. ఒకటి ఎప్పుడూ రెండోదానికంటే ఓ అయిదు మీటర్లు సముద్రం వైపు పడుతుంటే, ఆ అయిదూ తీసేశాకే కలపాలి. లేకపోతే సెంటినెల్ వచ్చిన ఏడాదే బీచ్ ఒక్కసారిగా పెరిగినట్టో తరిగినట్టో గ్రాఫ్ చెబుతుంది.